హంతకుడెవరో ముందే తెలిసిపోతే ఇంక చూడ్డానికేముంది?

ఈసారి శీర్షికంతా ఒకే విషయం మీద. 1940లు, 50ల్లో హాలీవుడ్‌లో వచ్చిన నోయిర్ సినిమాల్ని (నోయిర్ అంటే ఫ్రెంచిలో నలుపు, నేరాలూ మోసాలూ చీకటీ నిండిన కథలు) నలుగురు కలిసి చూసి మాట్లాడుకునేవాళ్ళు ఏమైనా అడగాలనుకుంటే రాయండి అని పోయిన నెల అడిగాం, ఉత్తరాలు, మెయిల్స్ బాగానే వచ్చాయి. అన్నీ వేసుకోవడానికి చోటు లేదు కాబట్టి ఎక్కువమంది అడిగినవి తీసుకున్నాం. ఒక్క మాట, ఇక్కడ కథలు విప్పే మాట్లాడుకుంటాం, ఏదైనా సినిమా చూడకుండా ఉంచుకున్నవాళ్ళు ఆ జవాబు దాటేసి తర్వాత చదువుకోండి.

ప్రశ్న: మేం అయిదుగురు ఫ్రెండ్స్ శనివారం రాత్రుళ్ళు మా ఇంట్లో కూర్చుని పాత సినిమాలు చూస్తుంటాం. పోయినసారి 'డబుల్ ఇండెమ్నిటీ' పెట్టాను. హీరో మొదట్లోనే హత్య నేనే చేశానని చెప్పేశాడు, ఇంక సస్పెన్స్ ఏముంది, ఎందుకు కూర్చోవాలి అని ఇద్దరు లేచారు. మళ్ళీ పిలిస్తే వస్తారో రారో. వాళ్ళకి ఏం చెప్పమంటారు? (విజయవాడ)

జవాబు: కారు స్టార్ట్ కాని సీన్ దాకా చూడండి, అప్పటికీ బాగాలేదంటే నేనే ఆపేస్తా అని చెప్పండి. మనకి చిన్నప్పట్నుంచీ సస్పెన్స్ అంటే ఎవరు చంపారో చివరి రీల్లో తెలియడం, అందరి మీదా అనుమానం వచ్చేలా చేసి ఆఖర్న ఎవరూ అనుకోనివాణ్ణి పట్టుకోవడం. నోయిర్‌లో చాలా సినిమాలు ఆ దారినే పోవు. 1944లో బిల్లీ వైల్డర్ తీసిన ఈ సినిమాలో వాల్టర్ నెఫ్ అనే ఇన్సూరెన్స్ ఏజెంట్ భుజంలో బుల్లెట్ దిగి రాత్రిపూట ఖాళీ ఆఫీసుకొస్తాడు, మాటలు రికార్డు చేసే డిక్టాఫోన్ ముందు కూర్చుని క్లెయిమ్స్ చూసే కీస్‌కి చెప్తున్నట్టు మొత్తం చెప్పేస్తాడు, డబ్బు కోసం చంపాను, ఒకావిడ కోసం చంపాను, డబ్బూ దక్కలేదు ఆవిడా దక్కలేదు అని. అంటే ఎవరు చంపారు, ఎందుకు చంపారు, చివరికేమైంది, ఈ మూడూ టైటిల్స్ అయిన కాసేపటికే మన చేతిలో పెట్టేశాడు. ఇంక మిగిలింది ఎలా అన్నదే, సినిమా అంతా దాని మీదే నడుస్తుంది.

ఇప్పుడు ఆ కారు సీన్ తీసుకోండి. నెఫ్ చెప్పిన ఆ ఒకావిడ పేరు ఫిలిస్, ఆవిడ మొగుణ్ణి కార్లోనే చంపేశారు, నెఫ్ ఆయన వేషంలో రైలెక్కి దిగాడు, శవాన్ని పట్టాల మీద పడుకోబెట్టారు, ఎందుకంటే రైలు ప్రమాదంలో పోతే పాలసీ డబ్బు డబుల్ వస్తుంది, 50,000 డాలర్లది లక్ష అవుతుంది. అంతా అనుకున్నట్టే అయింది. ఇద్దరూ వచ్చి కారెక్కారు, ఆవిడ స్టార్ట్ చేసింది, కాలేదు. మళ్ళీ చేసింది, కాలేదు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. వైల్డర్ ఇక్కడ తొందరపడడు, మనల్ని ఆ కార్లోనే కూర్చోబెడతాడు. నెఫ్ చెయ్యి చాపి మెల్లగా తిప్పితే అప్పుడు స్టార్ట్ అవుతుంది, మనం హమ్మయ్య అనుకుంటాం. సినిమా అక్కడ ఆపి మీ ఫ్రెండ్స్‌ని అడగండి, ఇప్పుడు మీరు ఎవరి వైపు ఉన్నారు అని. ఇప్పుడే ఒక మనిషిని చంపొచ్చినవాళ్ళు తప్పించుకోవాలని మనం కోరుకున్నాం, పైగా వాళ్ళు తప్పించుకోరని మనకి ముందే తెలుసు. నాకు తెలిసి హంతకుడెవరో దాచిపెట్టే సినిమా ఏదీ మనల్ని ఈ పరిస్థితిలోకి నెట్టలేదు.

ఇంకో రెండు చోట్ల కూడా మాట్లాడుకోవచ్చు. నెఫ్ ఫ్లాట్ తలుపు కారిడార్‌లోకి తెరుచుకుంటుంది, కీస్ బయటికొచ్చి నిలబడి మాట్లాడుతుంటే ఫిలిస్ ఆ తలుపు వెనకాలే దాక్కుంటుంది. మామూలుగా ఫ్లాట్ల తలుపులు లోపలికి తెరుచుకుంటాయి, బయటికి కాదు. లోపలికి తెరుచుకుంటే ఆవిడకి దాక్కునే చోటే లేదు, సీనే లేదు. మీలో ఎంతమందికి చూస్తున్నప్పుడే ఆ డౌట్ వచ్చిందో అడగండి, చాలామందికి రాదు, అంత టెన్షన్‌లో ఉంటాం. రెండోది అగ్గిపుల్ల. కీస్ దగ్గర చుట్ట ఉంటుంది గానీ అగ్గిపుల్ల ఎప్పుడూ ఉండదు, ప్రతిసారీ నెఫ్ బొటనవేలి గోరుతో పుల్ల గీసి వెలిగిస్తాడు. చివర్లో నెఫ్ గుమ్మం దగ్గర కూలబడి సిగరెట్ నోట్లో పెట్టుకుంటే చెయ్యి సహకరించదు, అప్పుడు కీస్ వెలిగిస్తాడు. నా దృష్టిలో ఈ సినిమాలో నిజమైన ప్రేమ వాళ్ళిద్దరి మధ్య ఉన్నదే, ఫిలిస్‌తో నెఫ్‌కున్నది వేరే. వైల్డర్ దీని తర్వాత గ్యాస్ ఛాంబర్లో నెఫ్‌కి మరణశిక్ష వేసే సీన్ కూడా తీశాడు, తీసి పక్కన పెట్టేశాడు. అది ఉంటే బాగుండేదా లేకపోతేనే బాగుందా, దీని మీద రాత్రి పన్నెండు దాకా వాదించుకోవచ్చు. తీసేయడమే సరైనదని నేనంటాను, అగ్గిపుల్ల తర్వాత చెప్పడానికి ఇంకేం మిగల్లేదు.

ప్రశ్న: బ్లాక్ అండ్ వైట్‌లో ఉన్న ప్రతి క్రైమ్ సినిమా నోయిరేనా? మా గ్రూపులో ప్రతిసారీ సగం టైమ్ ఈ గొడవకే పోతుంది. (హైదరాబాద్)

జవాబు: కాదు, 1945లో వచ్చిన 'లీవ్ హర్ టు హెవెన్' పూర్తిగా కలర్ సినిమా, దాన్నీ నోయిర్ లెక్కలోనే వేస్తారు. ఈ సినిమాలు తీసినవాళ్ళకి తాము నోయిర్ తీస్తున్నామని తెలీదు, స్టూడియోల్లో క్రైమ్ పిక్చర్ అనో మెలోడ్రామా అనో అనుకునేవాళ్ళు. జర్మన్లు ఆక్రమించి ఉన్నన్నాళ్ళూ ఫ్రాన్స్‌కి అమెరికా సినిమాలు రాలేదు, యుద్ధం అయ్యాక 1946లో ఒక్కసారిగా వచ్చి పడ్డాయి, వరసగా చూసిన అక్కడి విమర్శకులకి వీటన్నిట్లో ఏదో ఒకే చీకటి కనపడింది. నీనో ఫ్రాంక్ అనే విమర్శకుడు ఆ ఏడాదే ఈ పేరు పెట్టి రాశాడు. సాధారణంగా 1941 నాటి 'ది మాల్టీస్ ఫాల్కన్' నుంచి 1958 నాటి 'టచ్ ఆఫ్ ఈవిల్' దాకా అసలు కాలం అంటారు, 1940లోనే 'స్ట్రేంజర్ ఆన్ ది థర్డ్ ఫ్లోర్'తో మొదలైందనేవాళ్ళూ ఉన్నారు. నన్నడిగితే ఈ గొడవకి పది నిమిషాలు చాలు. ఇది నోయిరా కాదా అని కొట్టుకునే టైమ్‌లో ఒక మంచి సీన్ మళ్ళీ వేసుకుని చూడొచ్చు.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. మా మామయ్యగారు ఇండియా నుంచి వచ్చారు, ఆయనకి పాత ఇంగ్లీష్ సినిమాలంటే ఇష్టమని 'ది బిగ్ కాంబో' పెడితే, ఏంటమ్మా ఏమీ కనపడ్డం లేదు, టీవీ పాడైందా అన్నారు. నిజంగానే సగం స్క్రీన్ నల్లగా ఉంది. ప్రింట్ ప్రాబ్లమా, మా టీవీ ప్రాబ్లమా? (డాలస్)

జవాబు: మామయ్యగారికి చెప్పండి, టీవీ బాగానే ఉంది, కెమెరామాన్ జాన్ ఆల్టన్ కావాలనే అలా తీశాడు. ఈయన చీకట్లోనే పనంతా చేస్తాడు, గదంతా వెలిగించి నీడలు తీసేయడం ఆయనకి ఇష్టం లేదు, ఒక్క లైటు పెట్టి మిగతా అంతా నల్లగా వదిలేస్తాడు. ఆ సినిమా చివర్లో ఎయిర్‌పోర్ట్ షెడ్డు, పొగమంచు, అటు తిరిగి నిలబడ్డ రెండు నల్లటి ఆకారాలు, అంతే, మొహాలు కనపడవు. కనపడాల్సిన పనీ లేదు, ఎవరెవరో నిలబడ్డ తీరుని బట్టే తెలిసిపోతుంది.

ఈ చీకటి వెనక డబ్బు సంగతి కూడా ఉంది. యుద్ధం రోజుల్లో ఒక సినిమాకి కొత్త సెట్ల సామానుకి 5,000 డాలర్లకి మించి వాడకూడదని అమెరికా ప్రభుత్వం పరిమితి పెట్టింది, సెట్ సగం చీకట్లో ఉంటే సగమే కట్టుకోవచ్చు. దానికి తోడు హిట్లర్ వచ్చాక జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన ఫ్రిట్జ్ లాంగ్, రాబర్ట్ సియోడ్‌మాక్, వైల్డర్ లాంటివాళ్ళకి నీడలతో కథ చెప్పడం బెర్లిన్‌లోనే అలవాటైంది. 'డబుల్ ఇండెమ్నిటీ' కెమెరామాన్ జాన్ సైట్జ్ అయితే ఫిలిస్ ఇంట్లో కిటికీ చెక్కల సందుల్లోంచి వచ్చే ఎండలో దుమ్ము కనపడాలని గాల్లో అల్యూమినియం పొడి చల్లించాడు. ఆ సీన్లో ఆ ఇంటికి పట్టిన దుమ్ము మనకి ముక్కులోకి వెళ్తున్నట్టే ఉంటుంది.

ఇక మీ వైపు చెయ్యాల్సినవి. గదిలో లైట్లన్నీ ఆర్పేయండి, ఇది అన్నిటికంటే ముఖ్యం, ట్యూబ్‌లైట్ వెలుగులో ఏ నోయిర్ సినిమా చూసినా సగమే చూసినట్టు. టీవీలో కదలికల్ని కృత్రిమంగా నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ ఆపేయండి, వెలుతుర్ని బట్టి బ్రైట్‌నెస్ దానంతటదే మారే ఆప్షన్ ఉంటే అదీ ఆపేయండి, పిక్చర్ మోడ్ సినిమా అనో ఫిల్మ్‌మేకర్ అనో ఉన్నదానికి మార్చండి. బ్రైట్‌నెస్ పెంచొద్దు, పెంచితే నలుపు బూడిద రంగులోకి మారుతుంది తప్ప దాన్లో కొత్తగా కనపడేదేమీ ఉండదు. ప్రింట్ నిజంగానే పాడైన కేసులు కూడా ఉన్నాయి, కాపీరైట్ లేని సినిమాలకి ఇది ఎక్కువ. 'డీటూర్' ఏళ్ళ తరబడి గీతలు పడ్డ, ముక్కలు ఎగిరిపోయిన ప్రింట్లతోనే తిరిగింది, 2018లో అకాడమీ ఫిల్మ్ ఆర్కైవ్ బాగుచేసిన కాపీ వచ్చాక అదే సినిమా కొత్తగా కనపడుతోంది. ఆ కాపీయే వెతుక్కుని చూడండి.

ప్రశ్న: నేను కొమ్మూరి సాంబశివరావు గారి నవలలు చదువుతూ పెరిగినవాణ్ణి. ఇక్కడ ముగ్గురు రిటైరైన మిత్రులం కలిసి 'ది బిగ్ స్లీప్' రెండుసార్లు చూశాం. ఎవరు ఎవర్ని ఎందుకు చంపారో ముగ్గురికీ మూడు రకాలుగా అర్థమైంది. తెలిసినవాళ్ళు విడమరిచి చెప్పగలరా? (రాజమండ్రి)

జవాబు: మీ ముగ్గురికీ నమస్కారమండీ. మొత్తం విడమరిచి చెప్పడం ఎవరివల్లా కాదు, ఎందుకంటే దాని నవల రాసిన రేమండ్ చాండ్లర్‌కే ఒక ముడి విప్పడం తెలీదు. స్టెర్న్‌వుడ్ వాళ్ళ డ్రైవర్ ఓవెన్ టేలర్ కారుతో సహా సముద్రంలో పడి చచ్చిపోతాడు కదా, వాణ్ణి ఎవరైనా చంపారా, వాడే చచ్చాడా అని షూటింగ్ టైమ్‌లో డౌట్ వచ్చి డైరెక్టర్ హోవర్డ్ హాక్స్ చాండ్లర్‌ని అడిగించాడు, నాకూ తెలీదు అన్నాడాయన. డిటెక్టివ్ యుగంధర్ కథలో అయితే చివర్లో అందర్నీ ఎదురుగా పెట్టుకుని ఒక్కో ముడీ విప్పుతాడు, పక్కన అసిస్టెంట్ రాజు ఉంటాడు, మనకి మనసు కుదుటపడుతుంది. ఆ అలవాటుతో 'ది బిగ్ స్లీప్'లో డిటెక్టివ్ మార్లోని చూస్తే చిరాకొస్తుంది. ఈసారి చూసేటప్పుడు హత్యల లెక్క పెట్టుకోకుండా మార్లో ఒక్కో గదిలోకి వెళ్ళి బయటికొచ్చేసరికి ఎవరితో ఎలా మాట్లాడాడో అది పట్టుకోండి. పుస్తకాల షాపు సీన్ చాలు, బయట వర్షం, లోపల మార్లో, షాపులో అమ్మాయి మాట్లాడుకుంటుంటే కేసు ఎటుపోతేనేం అనిపిస్తుంది. సినిమా షూటింగ్ 1945కే అయిపోయినా విడుదలకి ముందు హీరో హీరోయిన్లు బోగార్ట్, బకాల్ సీన్లు కొన్ని కొత్తగా తీసి కలిపారు, కేసు వివరం చెప్పే సీన్ తీసేశారు, 1946లో వదిలారు. అంటే కథ అర్థమయ్యే వెర్షన్ చేతిలో ఉండి కూడా వాళ్ళిద్దరి మాటలే ముఖ్యమనుకున్నారు. నాకు అది మంచి నిర్ణయమే అనిపిస్తుంది.

ప్రశ్న: మా ఆఫీసు ఫిల్మ్ క్లబ్‌లో ఆడవాళ్ళం ఇద్దరమే. ఏ నోయిర్ సినిమా చూసినా చివర్లో మగవాళ్ళందరూ ఒకే మాట, అంతా దానివల్లే, వాడు అమాయకుడు, పాపం ఇరుక్కుపోయాడు అని. నాకు ఒళ్ళు మండిపోతుంది గానీ సినిమాలు కూడా అలాగే ఉన్నాయి కదా, ఏం మాట్లాడాలో తెలీడం లేదు. (విశాఖపట్నం)

జవాబు: మీరు మాట్లాడాల్సింది చాలా ఉందండీ, మొదట ఒక ప్రశ్న వెయ్యండి: ఈ కథ మనకి చెప్తున్నది ఎవరు? చాలా వాటిల్లో వాయిస్‌ఓవర్, అంటే తెర వెనక నుంచి కథ చెప్పే గొంతు, ఆ మగవాడిదే. తను చేసిన నేరం గురించి తనే చెప్పుకుంటున్నప్పుడు ఎవడైనా సగం తప్పు పక్కవాళ్ళ మీదకి తోయడా? 'డీటూర్' (1945) ఇందుకు సరిగ్గా సరిపోతుంది. ఆల్ రాబర్ట్స్ అనే పియానో వాయించేవాడు న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్‌కి దారిన పోయే కార్లు ఆపుకుంటూ వెళ్తుంటాడు, లిఫ్ట్ ఇచ్చిన మనిషి దార్లో చచ్చిపోతాడు, వీడేమీ చెయ్యలేదు, కానీ ఆయన కారు, బట్టలు, పర్సు తీసుకుంటాడు. తర్వాత వెరా అనే ఆవిడ కూడా వీడి చేతిలోనే పోతుంది, అది కూడా వీడు కావాలని చేసింది కాదు, మూసిన తలుపు అవతల ఆవిడ మెడకి ఫోన్ వైరు చుట్టుకుందని వీడికి తెలీదట, తలుపు కిందనుంచి లాగాడట. ఇవన్నీ మనకి చెప్పేది వాడొక్కడే, ఇంకో సాక్షి లేడు. ఈ మాట అని మీ క్లబ్ వాళ్ళని మళ్ళీ చూడమనండి, అమాయకుడు అనే మాట అంత తేలిగ్గా రాదు.

దాని తర్వాత నికోలస్ రే తీసిన 'ఇన్ ఎ లోన్లీ ప్లేస్' (1950) పెట్టండి. నాకు నోయిర్ మొత్తంలో దీనికంటే ఇష్టమైంది లేదు. డిక్స్ స్టీల్ అనే సినిమా రచయిత మీద ఒకమ్మాయి హత్య అనుమానం పడుతుంది, ఎదురింటి లారెల్ ఆయన తరఫున సాక్ష్యం చెప్తుంది, ఇద్దరూ ప్రేమలో పడతారు, మెల్లగా ఆయన కోపం ఎలాంటిదో ఆవిడకి తెలుస్తూ వస్తుంది. ఇక్కడ ప్రమాదం మగవాడి దగ్గర్నుంచి, భయపడేది ఆడమనిషి, సగం సినిమా నుంచి మనం ఆవిడ కళ్ళతోనే చూస్తాం. లారెల్‌గా వేసిన గ్లోరియా గ్రాహమ్ మొహం చూడండి, నవ్వుతూనే తలుపు ఎంత దూరంలో ఉందో లెక్కేసుకుంటున్నట్టు ఉంటుంది. చివర్లో డిక్స్ నిర్దోషి అని పోలీసులు ఫోన్ చేస్తారు, కానీ అప్పటికే ఆయన ఆవిడ గొంతు పట్టుకుని వదిలాడు, ఇంక ఆ నిర్దోషితనం ఎందుకు పనికొస్తుంది? స్క్రిప్ట్‌లో ఆయన ఆవిణ్ణి చంపేసినట్టే రాసుకున్నారు, రే అలా తీసి కూడా నచ్చక మార్చాడు.

ఇంకో సంగతి, ఈ సినిమాల వెనక ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు, మీ క్లబ్‌లో ఆ పేర్లు చెప్పండి. 'ఇన్ ఎ లోన్లీ ప్లేస్' నవల డొరొతీ బి. హ్యూస్‌ది, 'లారా' నవల వెరా కాస్పరీది, 'ది బిగ్ స్లీప్' స్క్రీన్‌ప్లే రాసినవాళ్ళలో లీ బ్రాకెట్ ఒకరు, 'ఫాంటమ్ లేడీ' నిర్మాత జోన్ హారిసన్. ఐడా లుపీనో 1953లో 'ది హిచ్-హైకర్' డైరెక్ట్ చేసింది, దాన్లో ముఖ్యపాత్రలన్నీ మగవాళ్ళే, తుపాకీ పెట్టి బెదిరించే ఒకడు, వాడి చేతిలో చిక్కిన ఇద్దరు. దానివల్లే అని అనడానికి అందులో ఆడమనిషే లేదు. వచ్చేసారి అదే పెట్టండి.

ప్రశ్న: ఇన్ని సినిమాల్లో తప్పుచేసినవాడు చివర్లో చావడమో దొరకడమో ఎందుకు? ముందే తెలిసిపోతోంది. (నెల్లూరు)

జవాబు: అప్పటి రూలు అది. హాలీవుడ్ స్టూడియోలన్నీ కలిసి పెట్టుకున్న ప్రొడక్షన్ కోడ్ 1934 నుంచి గట్టిగా అమలైంది, నేరం చేసినవాడు లాభపడినట్టు చూపించకూడదు. డైరెక్టర్లు ఆ రూలుకి లోబడుతూనే దార్లు వెతుక్కున్నారు. ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'స్కార్లెట్ స్ట్రీట్' (1945) చూడండి, అందులో చంపినవాడు ఒకడు, ఆ నేరానికి మరణశిక్ష పడేది ఇంకొకడికి, అసలు హంతకుడు బతికే ఉంటాడు, కాకపోతే చచ్చినవాళ్ళ మాటలు చెవుల్లో వినపడుతూ వీధుల్లో తిరుగుతుంటాడు. శిక్ష పడిందని కోడ్ ఆఫీసు ఒప్పుకుంది, న్యూయార్క్ రాష్ట్ర సెన్సార్ వాళ్ళు మాత్రం కొన్నాళ్ళు ఆపేశారు. అందులో హంతకుడిగా వేసింది ఎడ్వర్డ్ జి. రాబిన్సన్, 'డబుల్ ఇండెమ్నిటీ'లో దొంగ క్లెయిమ్‌ని వాసనతో పట్టేసే ఆ కీసే. రెండూ వరసగా చూస్తే ఒకే మనిషేనా అనిపిస్తుంది.

ప్రశ్న: మన దేశంలో ఇలాంటివి రాలేదా? (తిరుపతి)

జవాబు: హిందీలో వచ్చాయి. గురుదత్ మొదటి సినిమా 'బాజీ' (1951) చూడండి, దేవానంద్ జూదగాడు, క్లబ్బు, పొగ, ఎవరో తెలియని బాస్, గీతాబాలి గిటార్ పట్టుకుని పాడే పాట, అన్నీ ఆ వాతావరణమే. ఆ తర్వాత గురుదత్ నిర్మాతగా రాజ్ ఖోస్లా తీసిన 'సి.ఐ.డి.' (1956). తెలుగు వాళ్ళకి ఇందులో ఒక విశేషం ఉంది, ఏడాది ముందు 'రోజులు మారాయి'లో ఏరువాక పాటకి ఆడిన వహీదా రెహమాన్‌కి ఇదే మొదటి హిందీ సినిమా, పైగా విలన్ ముఠాలో మనిషిగా వేసింది. విలన్ దృష్టి మళ్ళించి హీరోని తప్పించడానికి ఆవిడ పాడే పాట దగ్గర ఆగి చూడండి, ఒక పాటని కథలో అంత పనికొచ్చేలా వాడుకోవడం హాలీవుడ్ నోయిర్‌కి రాదు. కానీ మన సినిమాల్లో చివరికి హీరో కడిగిన ముత్యంలా బయటపడాలి, కాబట్టి వెలుగునీడలు వచ్చాయి గానీ ఆ తప్పించుకోలేనితనం రాలేదు. మీ ఫ్రెండ్స్‌తో 'బాజీ'నీ ఏదైనా అమెరికన్ నోయిర్‌నీ ఒకే వారంలో చూస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది.

ప్రశ్న: మేం కొత్తగా మొదలుపెడుతున్నాం, ఆరేడుగురు ఉంటారు. ఏ వరసలో చూడాలి? చూశాక మాట్లాడుకోవడం ఎలా? మా వాళ్ళలో ఒకాయన మొదలుపెడితే ఇంకెవర్నీ మాట్లాడనివ్వడు. (ఖమ్మం)

జవాబు: మొదటిది 'డబుల్ ఇండెమ్నిటీ'యే పెట్టండి, రెండోది 'అవుట్ ఆఫ్ ది పాస్ట్' (1947), అందులో రాబర్ట్ మిచమ్ నిద్రకళ్ళు, నికొలస్ ముసురాకా కెమెరా చూశాక ఎవరూ మానరు. పనిరోజుల్లో కూర్చుంటే 'డీటూర్' చాలు, గంటా పది నిమిషాలు కూడా ఉండదు. మాటలు స్పీడుగా ఉంటాయి, ఇంగ్లీష్ బాగా వచ్చినవాళ్ళున్నా సరే సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, లేకపోతే ఎవరో ఒకరు ఏమన్నాడు ఏమన్నాడు అని అడుగుతూనే ఉంటారు. మాట్లాడుకోవడానికి ఒకటే పద్ధతి చెప్తాను, సినిమా అయ్యాక ఒక్కొక్కరు ఒక్కో సీన్ పేరు చెప్పాలి, అభిప్రాయం కాదు సీన్, తర్వాత ఎక్కువమంది చెప్పిన సీన్ మళ్ళీ వెయ్యండి. అందరి కళ్ళముందూ స్క్రీన్ మీద అదే ఉన్నప్పుడు ఎంత గొంతున్న ఆయనైనా దాన్ని దాటి పోలేడు, మిగతావాళ్ళకి ఇదిగో చూడండి అని వేలు పెట్టి చూపించే ఛాన్స్ వస్తుంది.

'గన్ క్రేజీ' (1950)లో బ్యాంకు దోపిడీ ఇందుకు చాలా బాగుంటుంది, కెమెరా కారు వెనక సీట్లో పెట్టి, ఊళ్ళోకి రావడం, పార్కింగ్ వెతుక్కోవడం, వాడు లోపలికెళ్తే ఆవిడ పోలీసుని మాటల్లో పెట్టడం, పారిపోవడం, అంతా కట్ లేకుండా ఒకే షాట్, బ్యాంకు లోపల ఏం జరిగిందో అసలు చూపించరు. 'టచ్ ఆఫ్ ఈవిల్' మాత్రం ఆఖరికి ఉంచుకోండి. కారు డిక్కీలో బాంబు పెట్టడంతో మొదలై మూడు నిమిషాలకి పైగా సాగే ఆ మొదటి షాట్ విడుదలప్పుడు టైటిల్స్‌తో, మ్యూజిక్‌తో కప్పేసి వచ్చింది, దాని డైరెక్టర్ ఆర్సన్ వెల్స్ స్టూడియోకి రాసిన 58 పేజీల లేఖ ఆధారంగా 1998లో ఎడిటర్ వాల్టర్ మర్చ్ మళ్ళీ ఎడిట్ చేసినప్పుడు టైటిల్స్ తీసేసి వీధిలోని రేడియోలు, క్లబ్బుల పాటలు వినపడేలా చేశాడు. రెండు వెర్షన్లూ దొరికితే ముందు ఆ ఓపెనింగులు రెండూ ఒకదాని తర్వాత ఒకటి వేసి, ఎందులో బాంబు ఎక్కువ గుర్తుంటోందో మీ వాళ్ళని అడగండి. ఏమన్నారో మాకు రాయండి, వచ్చే సంచికలో వేస్తాం.